తలకు గాయమైన మనిషికి పనులు మళ్ళీ నేర్పడం ఎలా: ఇంట్లోవాళ్ళకు

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నెలా రెండు నెలలకి మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, తన చేత్తో తాను తింటాడు. చూడవచ్చినవాళ్ళు బాగైపోయాడనే అంటారు. కానీ స్నానానికి వెళ్ళి ఒంటి మీద సబ్బు నురగతోనే బయటికొస్తాడు. పొద్దున వేసుకున్న మాత్ర మళ్ళీ అడుగుతాడు. బజారుకని బయల్దేరి వీధి చివర నిలబడిపోతాడు. ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకమో, మొండితనమో అనుకుంటారు. రెండూ కాదు.

బండి మీంచి పడ్డప్పుడు మెదడు పుర్రె లోపలి ఎముక అంచులకి కొట్టుకుంటుంది. ఎక్కువగా దెబ్బతినేవి నుదుటి వెనకా, కణతల లోపలా ఉండే భాగాలు. పని మొదలుపెట్టడం, వరస తప్పకుండా చేయడం, మధ్యలో ధ్యాస నిలపడం, ఇప్పుడే జరిగింది గుర్తుంచుకోవడం, ఇవన్నీ వాటి పనులే. దీనికి తోడు మెదడు ఒక్కసారిగా మెలి తిరగడం వల్ల ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే సన్నటి నరాల తీగలు సాగి తెగుతాయి. ఇవి మామూలు సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనబడవు. అందుకే "స్కానింగ్ బాగానే ఉంది కదా, ఈయన ఎందుకిలా ఉన్నాడు" అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది.

ఆక్యుపేషనల్ థెరపిస్టు పని ఇక్కడే మొదలవుతుంది. ఫిజియోథెరపిస్టు కాలికీ చేతికీ బలం తెప్పిస్తే, ఈ థెరపిస్టు ఆ బలంతో చొక్కా తొడుక్కోవడం, టీ పెట్టుకోవడం, చిల్లర లెక్కపెట్టడం నేర్పిస్తారు. వారానికి ఒకటి రెండు గంటలు థెరపిస్టు దగ్గర గడిస్తే, మిగతా వారమంతా ఇంట్లోనే గడుస్తుంది. ఆ మిగతా వారంలో ఏం చేయాలో కింద రాశాం. తలకు గాయమయ్యేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ కాబట్టి "ఆయన" అంటున్నాం. ఆడవాళ్ళకీ ఇవే వర్తిస్తాయి.

మొదలుపెట్టే ముందు

డాక్టర్ని రెండు విషయాలు అడగండి: ఫిట్స్ వచ్చే అవకాశం ఉందా, ఒంటరిగా పొయ్యి దగ్గరికి పంపొచ్చా. ఫిట్స్ మాత్రలు మత్తుగా ఉన్నాయని సొంతంగా ఆపేయకండి, ఆ మత్తు సంగతి డాక్టర్‌కి చెప్పండి. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మగతగా పడుకుండిపోతున్నా, ఒక కంటిపాప పెద్దదిగా కనబడుతున్నా, కొత్తగా చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా అభ్యాసాలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పెద్ద వయసువాళ్ళలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళలో పుర్రె లోపల రక్తం దెబ్బ తగిలిన కొన్ని వారాలకి కూడా చేరగలదు.

వాసన తెలుస్తోందో లేదో చూడండి. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. తల అదిరినప్పుడు ముక్కు నుంచి మెదడుకి వెళ్ళే సన్నటి నరాలు కొందరిలో తెగిపోతాయి. ఆయనకి ఆ సంగతి తెలియదు, "అన్నం రుచిగా లేదు" అని మాత్రం అంటాడు. కళ్ళు మూయించి, ఒక ముక్కు రంధ్రం నొక్కి, రెండో దాని దగ్గర కాఫీ పొడి పెట్టండి. తర్వాత ఇంగువ. రెండో వైపూ అలాగే చేయండి. తలనొప్పి బామ్‌తోనో కర్పూరంతోనో పరీక్షించకండి. వాటి ఘాటును వేరే నరం పసిగడుతుంది కాబట్టి వాసన పోయినవాళ్ళు కూడా "తెలుస్తోంది" అంటారు. వాసన తెలియకపోతే గ్యాస్ లీకైనా తెలియదు, పాలు విరిగినా తెలియదు. అలాంటి ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మేలు. గ్యాసే వాడాల్సివస్తే లీకేజీ అలారం పెట్టించండి.

ఎప్పుడు, ఎంతసేపు

గాయపడిన మెదడు తొందరగా అలిసిపోతుంది. ఈ అలసట కళ్ళలోనూ కోపంలోనూ కనబడుతుంది. టిఫిన్ తిన్న గంటకి, 15 నుంచి 20 నిమిషాలు చేయించండి. తర్వాత అంతే సేపు కళ్ళు మూసుకుని పడుకోనివ్వండి. సాయంత్రం ఇంకోసారి. ఆవులింతలు, కళ్ళు నులుముకోవడం, చెప్పిందే చెప్పడం, చిరాకు, ఉన్నట్టుండి తప్పులు పెరగడం, వీటిలో ఒక్కటి కనబడ్డా ఆపేయాలి. "ఇంకొక్కసారి చెయ్యి నాన్నా" అని బతిమాలితే ఆ పనంటేనే ఆయనకి విసుగు పుడుతుంది.

టీవీ కట్టేయండి. బల్ల మీద ఆ పనికి కావలసినవే ఉంచండి. ఒక్కరే మాట్లాడాలి, చిన్న వాక్యాల్లో. ఒక మాట చెప్పాక మనసులో పది లెక్కపెట్టుకుని, అప్పటికీ కదలకపోతేనే రెండో మాట చెప్పండి. మధ్యలో ఇంకో మాట పడితే మొదటి మాట పోతుంది.

పరామర్శకి వచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఒకేసారి ఆరుగురు చుట్టూ చేరి మాట్లాడితే ఆయన మెదడు తట్టుకోలేదు. ఇద్దరిద్దరుగా, పది నిమిషాలు చాలు. అన్నిటికంటే ఎక్కువ హాని చేసే ప్రశ్న "నేనెవరో గుర్తుపట్టావా?" అన్నది. గుర్తు రాని మనిషి ఏదో ఒక పేరు ఊహించి చెప్తాడు, అది తప్పవుతుంది, నలుగురూ నవ్వుతారు. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్ళు తాము చెప్పింది తప్పని గుర్తుంచుకోలేరు, నోటితో పలికిన తప్పు పేరు మాత్రం లోపల నాటుకుపోతుంది. మళ్ళీ అడిగితే అదే తప్పు వస్తుంది. కాబట్టి వచ్చినవాళ్ళే చెప్పాలి: "బావా, నేను రమణని, మీ చెల్లెలి భర్తని, నిజామాబాద్ నుంచి వచ్చాను." గుమ్మంలోనే అందరికీ ఈ మాట చెప్పి లోపలికి పంపండి.

టీ పెట్టించడం

టీ ఎందుకంటే, దానిలో పది పదకొండు మెట్లున్నాయి, వరస ఉంది, వేచి ఉండాల్సిన రెండు నిమిషాలున్నాయి, పొంగిపోయే ప్రమాదం ఉంది. పావుగంటలో అయిపోతుంది, చివర తాగడానికి ఒక కప్పు చేతికొస్తుంది. అయితే జీవితంలో వంటగదిలోకి అడుగుపెట్టని మనిషికి ఇది కొత్త విద్య. కొత్త విద్యలో వచ్చే తప్పులు గాయం సంగతి చెప్పవు. అలాంటాయనకి గడ్డం గీసుకోవడమో, బండి తుడవడమో, పొలం మోటారు లెక్కల పుస్తకం రాయడమో, చేతికి ముందే అలవాటున్న పని ఎంచుకోండి. పద్ధతి ఇదే.

రెండు కప్పులకి: నీళ్ళు ఒక కప్పు, కాచిన పాలు ఒక కప్పు, టీ పొడి 2 టీస్పూన్లు, చక్కెర 2 టీస్పూన్లు. గిన్నె, చెంచా, టీ జాలి, పట్టుకారు, రెండు కప్పులు.

1. గిన్నెలో నీళ్ళు పోయడం.
2. పొయ్యి మీద పెట్టడం.
3. వెలిగించడం.
4. నీళ్ళు మరిగేదాకా ఆగడం.
5. టీ పొడి వేయడం.
6. చక్కెర వేయడం.
7. రెండు నిమిషాలు మరగనివ్వడం.
8. పాలు పోయడం.
9. పొంగు రాగానే పొయ్యి ఆపడం.
10. పట్టుకారుతో పట్టుకుని వడకట్టడం.
11. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయడం.

మొదటి రోజు మీరు పక్కన నిలబడి చూడండి, ఆయన ఆగిపోతేనో ప్రమాదమైతేనో తప్ప చేయి పెట్టకండి. ప్రతి మెట్టు పక్కన ఒక అంకె వేయండి. తనంతట తాను చేస్తే 0. నోటితో గుర్తుచేస్తే 1. వేలితో చూపించాల్సివస్తే 2. చేయి పట్టుకుని చేయించాల్సివస్తే 3. మీరే చేస్తే 4. ఈ కాగితం మీద తేదీ వేసి దాచండి. రెండు వారాల తర్వాత "ఏం మార్పు లేదు" అనిపించినప్పుడు ఇదే సాక్ష్యం చెప్తుంది.

తప్పు జరిగిన తీరులోనే ఏ శక్తి దెబ్బతిందో తెలుస్తుంది.

సామానంతా ఎదురుగా ఉన్నా కూచునే ఉన్నాడు, అడిగితే "చేస్తాను" అంటాడు, కదలడు. ఇది పని మొదలుపెట్టే శక్తి దెబ్బతినడం. ఉపన్యాసాలు పనికిరావు. గిన్నె చేతికివ్వండి. మొదటి మెట్టు కలిసి చేస్తే మిగతావి చాలాసార్లు వాటంతటవే నడుస్తాయి. రోజూ ఒకే వేళకి ఒకే అలారం మోగేలా పెడితే కొన్ని వారాలకి ఆ మోతే మీ మాట బదులు పనిచేస్తుంది.

చక్కెర రెండుసార్లు వేశాడంటే వేసిన సంగతి గుర్తులేదు. చక్కెర డబ్బా ముందు పెట్టకండి. కావలసిన 2 స్పూన్లూ చిన్న గిన్నెలో కొలిచి పెట్టండి, టీ పొడి ఇంకో గిన్నెలో. గిన్నె ఖాళీ అయిందంటే ఆ మెట్టు అయిపోయినట్టు, గుర్తుంచుకోవాల్సిన అవసరమే ఉండదు.

పాలు పొంగిపోయాయి, ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఇది ధ్యాస. పాలు పోసిన క్షణం నుంచి చేయి పొయ్యి మర మీదే ఉంచడం అలవాటు చేయండి. నోటితో "పాలు, పాలు" అనుకుంటూ ఉండమనండి. పైకి పలికిన మాట ధ్యాసను కట్టేస్తుంది.

నీళ్ళు మరగకముందే టీ పొడి వేశాడు, వడకట్టాక పాలు పోశాడు. వరస తప్పింది. ఆయన చేతులే కనబడేలా ప్రతి మెట్టునీ ఫోన్‌లో ఫొటో తీసి, పదకొండూ ప్రింట్ తీయించి, పొయ్యి వెనక గోడకి ఎడమ నుంచి కుడికి అతికించండి. అయిపోయిన మెట్టు మీద ఒక స్టిక్కర్ అంటించడం నేర్పండి.

పట్టుకారు పక్కనే ఉన్నా వట్టి చేత్తో గిన్నె పట్టుకోబోయాడు, చేతికందిన ఉప్పు డబ్బా తీసి చక్కెర అనుకుని వేయబోయాడు. ఇది తొందరపాటు, మెదడులో కళ్ళెం సడలడం. ఇలాంటాయన్ని నెలల తరబడి ఒంటరిగా వంటగదిలో వదలకూడదు. ప్రతి మెట్టుకి ముందు అరచేయి బల్ల మీద ఆనించి "ఆగు, ఏం చేయబోతున్నాను?" అని పైకి అనిపించండి.

ఎక్కడెక్కడ తడబడ్డాడో తెలిశాక రెండో రోజు నుంచి తప్పు జరగనివ్వకండి. చేయి తప్పు డబ్బా వైపు కదులుతోందనగానే సరైనది అందించండి. "తప్పు చేస్తేనే కదా నేర్చుకునేది" అన్న మాట జ్ఞాపకం సరిగా ఉన్నవాళ్ళ విషయంలోనే నిజం. మూడు రోజులు వరసగా ఒక మెట్టు సరిగా చేశాక సాయం ఒక అంకె తగ్గించండి: చేయి పట్టుకోవడం మానేసి వేలితో చూపించండి, తర్వాత మాట, తర్వాత ఏమీ వద్దు.

చాలా వెనకబడి ఉంటే చివరి నుంచి మొదలుపెట్టండి. రెగ్యులేటర్ కట్టేయడంతో సహా మిగతా పది మెట్లూ మీరు చేయండి, కప్పుల్లోకి వడకట్టడం ఆయన చేస్తాడు. వారం తర్వాత పొయ్యి ఆపడమూ ఆయనదే. ఇలా వెనక్కి పెంచుకుంటూ వస్తే ప్రతిరోజూ పని ఆయన చేతిలోనే పూర్తవుతుంది. మొదటి నుంచి నేర్పితే రోజూ మధ్యలో ఆగిపోతుంది, అది నీరసం తెప్పిస్తుంది.

ఈ ఇంట్లో టీ పెట్టడం వచ్చినంత మాత్రాన అక్కయ్య ఇంట్లో వస్తుందనుకోకండి. గాయపడిన మెదడు ఒక చోట నేర్చింది ఇంకో చోటికి తనంతట మోసుకెళ్ళదు. కాబట్టి కావాలనే మార్చాలి. డబ్బాల స్థానం, తర్వాత నలుగురికి టీ, తర్వాత రేడియో పెట్టి, తర్వాత మీరు మాట్లాడిస్తుండగా. ఒక్కసారికి ఒక్క మార్పే.

జ్ఞాపకానికి ఒక పుస్తకం

జ్ఞాపకశక్తి కండరం కాదు, మోయించినకొద్దీ పెరగదు. ఎక్కాలు, శ్లోకాలు వల్లె వేయించడం వల్ల ఆ ఎక్కాలే వస్తాయి. గుర్తుంచుకోవాల్సిన భారాన్ని కాగితం మీదికి దించడమే ఎక్కువమందికి నిజంగా ఉపయోగపడేది.

గట్టి అట్ట ఉన్న ఒకే ఒక్క నోట్‌బుక్ తీసుకోండి, చేతిసంచిలో పట్టేంతది. రంగు కాగితాలు అంటించి నాలుగు భాగాలు చేయండి. మొదటిది "నేను": పేరు, చిరునామా, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్లు, ఏ తేదీన ఏ ప్రమాదం జరిగింది, ఆపరేషన్ ఎప్పుడైంది. ఇవన్నీ నాలుగు వాక్యాల్లో ఉంటే ఆయన రోజుకి ఇరవైసార్లు అడగాల్సిన అవసరం తప్పుతుంది. రెండోది "ఈ రోజు": పేజీకి ఒక రోజు, గంటగంటకీ ఒక గీత. మూడోది "మనుషులు": ఫొటో, పేరు, వరస. నాలుగోది "అయిపోయినవి": మాత్ర వేసుకున్నాను, 8 గంటలకు, తమ్ముడు వచ్చి వెళ్ళాడు. విడి చీటీలు అస్సలు వద్దు. పుస్తకం ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, బయటికెళ్తే సంచిలో. గాయానికి ముందు నుంచీ ఫోన్ బాగా వాడేవాళ్ళైతే ఇదే పని ఫోన్ క్యాలెండర్‌తో చేయొచ్చు. అలారం మోగినప్పుడు తెర మీద "మాత్ర" అని కాకుండా "ఫ్రిజ్ మీద నీలం డబ్బా, మధ్యాహ్నం గడి తెరువు" అని పూర్తిగా కనబడాలి.

రోజూ చింపే గోడ క్యాలెండర్ దాదాపు ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది. నిద్ర లేవగానే కాగితం చింపడం, వారం, తేదీ, పండగ పైకి చదవడం, అదే పుస్తకంలో రాయడం ఆయన పనిగా పెట్టండి.

పుస్తకం కొనిచ్చి వదిలేస్తే వారంలో బీరువాలోకి పోతుంది. పుస్తకం చూడటమే ముందు నేర్పాలి. దానికి ఒక పద్ధతుంది. "ఈ రోజు ఏం చేయాలో ఎలా తెలుసుకుంటావు?" అని అడిగి మీరే జవాబు చెప్పండి: "పుస్తకం చూసి." వెంటనే మళ్ళీ అడగండి, జవాబు చెప్తూ పుస్తకం తెరవాలి. 30 సెకన్లు ఆగి అడగండి. తర్వాత 1 నిమిషం, 2, 4, 8, 16 నిమిషాలు. మధ్యలో వేరే కబుర్లు చెప్పండి. ఎక్కడ తప్పినా ఊహించనివ్వకుండా జవాబు చెప్పి, వెంటనే ఒకసారి చెప్పించి, అంతకుముందు సరిగా వచ్చిన వ్యవధికి వెనక్కెళ్ళండి. ఒకసారికి ఒకే ప్రశ్న. ఇదే పద్ధతిలో "మాత్రల డబ్బా ఎక్కడ?", "మంచం మీంచి లేచేముందు ఏం చేయాలి?" కూడా నేర్పొచ్చు.

ఎడమ పక్క లేనట్టు ఉంటే

కంచంలో కుడి సగం అన్నమే తింటాడు, ఎడమ భుజం తలుపుకి కొట్టుకుంటాడు, పేపర్లో వాక్యాలు మధ్య నుంచి చదువుతాడు. మెదడు కుడివైపు దెబ్బ తగిలితే ఇలా అవుతుంది. కన్ను కాదు పోయింది, ఆ పక్కకి ధ్యాస వెళ్ళడం పోయింది. బల్లకి, కంచానికి, పుస్తకం పేజీకి ఎడమ అంచున నిలువుగా ఎర్ర టేపు అంటించి "ఎర్ర గీత కనబడేదాకా తల తిప్పు" అని నేర్పండి. గీత చూశాకే చదవడం, గీత చూశాకే తినడం. ముఖ్యమైనవి, అంటే నీళ్ళు, కాలింగ్ బెల్, మొదట కుడివైపు ఉంచండి. అభ్యాసానికి పెట్టేవి మాత్రం ఎడమవైపు. బియ్యం చాటని కుడి నుంచి మెల్లగా ఎడమకి జరుపుతూ రాళ్ళేరించడం దీనికి చక్కటి పని. ఇలా ఉన్నంతకాలం బండి తాళాలు ఆయనకి అందకుండా పెట్టండి.

"నాకేం కాలేదు" అనే మనిషి

వాదించకండి. తన లోపం తాను చూసుకునే భాగమే దెబ్బతింది కాబట్టి అది అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే అలా కనబడుతోంది. పనికి ముందు ఒక కాగితం మీద ఆయన చేతే రాయించండి: ఎన్ని నిమిషాలు పడుతుంది, ఎన్నిసార్లు సాయం కావాలి, ఎక్కడ కష్టం. పని అయ్యాక జరిగింది పక్కన రాయించండి. మీరేమీ అనొద్దు, రెండు అంకెలూ ఆయనే చూస్తాడు. కొన్ని వారాల్లో ఊహకీ నిజానికీ మధ్య దూరం తగ్గడం మొదలవుతుంది.

దీనికి బజారు పని బాగుంటుంది. ₹300 ఇచ్చి, నాలుగు వస్తువులు రెండు దుకాణాల్లో కొనాలి, ఒకే దుకాణానికి రెండుసార్లు వెళ్ళకూడదు, మిగిలిన చిల్లర లెక్క రాయాలి అని చెప్పండి. మీరు పది అడుగుల వెనక నడవండి. బేరాలు, పలకరింపులు, రద్దీ మధ్య లక్ష్యం నిలుస్తుందా లేదా అన్నది వీధిలోనే తెలుస్తుంది, గదిలో తెలియదు.

ఫోన్లో ఆడే "బ్రెయిన్ గేమ్స్" గురించి తప్పకుండా అడుగుతారు. వాటిలో స్కోరు పెరుగుతుంది, ఆ మెరుగుదల వంటగదిలోకో ఆఫీసులోకో రావడం కనబడలేదు. గాయపడిన మెదడు పునరావాసం మీద 2014లో వచ్చి 2023లో సవరించిన ఇంకాగ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం మార్గదర్శకాలు కూడా నిత్యజీవితంతో సంబంధంలేని కంప్యూటర్ అభ్యాసాల మీద ఆధారపడొద్దనే చెప్తున్నాయి. కాలక్షేపానికి ఆడుకోనివ్వండి, డబ్బు పోసి కొనకండి. పులి-మేక, అష్టాచెమ్మా ఎదురుగా మనిషితో ఆడితే కనీసం వంతు కోసం ఆగడం, మాట కలపడం జరుగుతాయి.

మళ్ళీ పనికి

మొదటి ఆరునెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, రెండేళ్ళదాకా స్పష్టంగానే సాగుతుంది, పద్ధతులు నేర్చుకోవడం ఆ తర్వాత కూడా సాధ్యమే. ఆరునెలలకే "ఇంతే ఇక" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలాగని రెండో నెలలోనే ఉద్యోగానికి పంపకండి. మొదట రోజుకి రెండు గంటలు, వారానికి మూడు రోజులు, ఒకే రకం పని. కిరాణా కొట్టాయనైతే సరుకు సర్దడం ముందు, గల్లాపెట్టె చివర. రైతైతే కలుపు, నీళ్ళు కట్టడం ముందు. మోటారు స్టార్టరు, పురుగుమందు కలపడం, ట్రాక్టరు, బావి గట్టు, ఇవి థెరపిస్టూ డాక్టరూ చెప్పాకే. ఫిట్స్ ఉన్నవాళ్ళు ఎత్తులెక్కకూడదు, ఒంటరిగా నీళ్ళలో దిగకూడదు. మద్యం తాగడం ఎవరికైనా సరే పూర్తిగా బంద్. గాయమైన మెదడుకి కొంచెమే ఎక్కువ, పైగా ఫిట్స్‌ని పిలుస్తుంది.

పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లోని పునరావాస విభాగాల్లో, మెదడు, నరాల జబ్బులు చూసే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టులుంటారు. వెళ్ళేటప్పుడు స్కానింగ్ ఫిల్ములతో పాటు మీ అంకెల కాగితాలు, ఆయన నోట్‌బుక్, పని చేస్తుండగా తీసిన రెండు నిమిషాల వీడియో తీసుకెళ్ళండి. "మతిమరుపు ఎక్కువగా ఉంది" అని చెప్పకండి, "ఆరో మెట్టు దగ్గర చక్కెర రెండుసార్లు వేస్తున్నాడు, మూడు వారాలుగా సాయం 2 దగ్గరే ఆగింది" అని చెప్పండి. అక్కడి నుంచి ఏం మార్చాలో థెరపిస్టు ఆ రోజే చెప్పగలుగుతారు.